పాత షెడ్డుల్లో ఆలిస్: నడుస్తూ చూసే పిల్లల నాటకం ఎలా పనిచేస్తుంది

2015లో లండన్‌లోని వాటర్‌లూ స్టేషన్ కింద ఒక నాటకం మొదలైంది. కింద అంటే నిజంగా కిందే. రైలు పట్టాలను మోస్తున్న ఇటుక కమానుల మధ్య సొరంగాల్లా పరుచుకున్న వాల్ట్స్ అనే చోట. లెస్ ఆన్‌ఫాన్ టెరీబ్ల్ అనే బ్రిటిష్ నాటక బృందం అక్కడ లూయిస్ కరోల్ రాసిన ఆలిస్ కథను, అంటే ఒక కుందేలు వెంటపడి వింతలోకంలో పడిన చిన్నపిల్ల కథను, ఆడింది. ఆ పుస్తకం అచ్చయి అప్పటికి 150 ఏళ్లు. టికెట్ కొన్నవాళ్లకు వరసలో కుర్చీ దొరకదు. లోపలికి వెళ్లాక ఒక ప్రశ్న ఎదురవుతుంది: తింటావా, తాగుతావా? జవాబును బట్టి గుంపు రెండుగా విడిపోతుంది. ఆ తర్వాత పేకముక్కల గుర్తులను బట్టి ఇంకా చిన్న గుంపులవుతాయి. చెయ్యి పట్టుకుని కలిసి వచ్చిన ఇద్దరు వేర్వేరు దారుల్లో వెళ్లి, వేర్వేరు సీన్లు చూసి బయటపడొచ్చు.

ఈ పద్ధతిని ప్రామినేడ్ థియేటర్ అంటారు. ప్రేక్షకుడు ఒకచోట కూర్చోడు, సీను ఎక్కడ జరుగుతుంటే అక్కడికి నడుస్తాడు. దీని పక్కనే వినబడే ఇంకో మాట ఇమ్మర్సివ్ థియేటర్. అందులో ప్రేక్షకుడు కథ జరిగే లోకంలోనే ఉంటాడు, పాత్రలు అతన్ని చూస్తాయి, మాట్లాడిస్తాయి, పని చెబుతాయి. చాలా నాటకాలు ఈ రెండింటినీ కలిపే వాడుతున్నాయి గానీ రెండూ ఒకటి కావు. పదిమందిని పది గదులు తిప్పినంత మాత్రాన వాళ్లు కథలో పడిపోరు. ఎందుకు నడుస్తున్నామో కథే చెప్పాలి. కుందేలు పారిపోతోంది కాబట్టి వెంటపడుతున్నాం అన్నంత సూటిగా ఉంటే చాలు. ఆ కారణం లేని నాటకంలో ప్రేక్షకుడికి కాళ్ల నొప్పి తప్ప ఏమీ గుర్తుండదు.

పాత కర్మాగారాల్లో, గోడౌన్లలో జనాన్ని నిలబెట్టి నాటకం ఆడటం నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. 1969లో ఇటలీలోని స్పొలేటోలో దర్శకుడు లూకా రొంకోనీ ‘ఓర్లాండో ఫ్యూరియోసో’ అనే పాత కావ్యాన్ని ఆడించినప్పుడు ప్రేక్షకులు నిలబడి ఉంటే నటులు చక్రాల బండ్లమీద వాళ్ల మధ్యకు దూసుకొచ్చారు. 1970లో ఫ్రెంచ్ దర్శకురాలు ఆరియాన్ మ్నూష్కిన్ బృందం పారిస్ శివార్లలోని వాన్సెన్‌లో, మూతపడిన తూటాల ఫ్యాక్టరీలోకి మారింది. ఫ్రెంచ్ విప్లవం మీద తీసిన ‘1789’ నాటకాన్ని అక్కడ జనం నడుమ ఆడింది. 1988లో పీటర్ బ్రూక్ మహాభారతం గ్లాస్గోకు వచ్చినప్పుడు దానికి వేదిక ఒక పాత ట్రామ్ డిపో. అయితే ఇవన్నీ పెద్దల నాటకాలు. 2000లో ఫెలిక్స్ బారెట్ స్థాపించిన పంచ్‌డ్రంక్ బృందం తర్వాతే ఈ పద్ధతి సామాన్య ప్రేక్షకుల దాకా వచ్చింది. ఆ వెనకే పిల్లల కథలూ వచ్చాయి.

పిల్లల కథలే ఎందుకు అంటే, వాటిలో చాలావరకు ముందే నడక ఉంది. ఆలిస్ కథను ఒకసారి విడదీసి చూస్తే కనిపించేది గదుల వరస. రంధ్రంలో పడుతుంది, తలుపులన్నీ తాళం వేసిన హాలులో తేలుతుంది, ఏడ్చి కన్నీటి మడుగులో ఈదుతుంది, గొంగళిపురుగుతో మాట్లాడుతుంది, వంటింట్లో మిరియాల ఘాటుకు తుమ్ముతుంది, టీ పార్టీకి వెళుతుంది, రాణిగారి మైదానానికి, అక్కణ్ణుంచి కోర్టుకు చేరుతుంది. ఒక సీనుకూ ఇంకో సీనుకూ మధ్య కార్యకారణ సంబంధం చాలా పలచన. టీ పార్టీ చూడకుండా కోర్టు సీను చూసినా అర్థానికి లోటు రాదు. గుంపును చీల్చి వేర్వేరు దారుల్లో పంపించే నాటకానికి ఇంతకంటే అనువైన కథ దొరకదు. ప్రతి మలుపూ ముందు మలుపుమీద ఆధారపడే నేరపరిశోధన కథతో ఇదే పని చేయాలంటే, ఏ గదిలోకి ఎవరు ముందు వెళ్లారన్నదే దర్శకుడికి పెద్ద టెన్షన్ అవుతుంది.

రెండో కారణం, కథ అందరికీ తెలుసు. చీకటి గదిలో కొత్త మనుషుల మధ్య నిలబడినవాడికి ఏం జరుగుతోందో వివరించే తీరిక నటులకు ఉండదు. జేబుగడియారం చూసుకుంటూ పరుగెత్తే కుందేలు కనిపిస్తే చాలు, ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

మూడోది డబ్బు సంగతి. ఆలిస్ లాంటి పాత కథలకు కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు. దీనికి బ్రిటన్‌లో ఒక అపురూపమైన మినహాయింపు ఉంది. జె.ఎం. బారీ 1929లో తను రాసిన ఎగిరే కుర్రాడి కథ ‘పీటర్ పాన్’ హక్కులను లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చాడు. 1988 నాటి కాపీరైట్ చట్టంలో ఆ ఆసుపత్రికి శాశ్వతంగా రాయల్టీ దక్కేలా ప్రత్యేకంగా ఒక నిబంధన పెట్టారు. బ్రిటన్‌లో ఏ షెడ్డులో పీటర్ పాన్ ఎగిరినా ఆ పిల్లల ఆసుపత్రికి వాటా చేరాలి.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కారణాలే. ఇంతకంటే లోతైనది ఒకటుంది, దాన్ని చాలా నాటకాలు పట్టించుకోవు. ఈ కథలూ ఈ భవనాలూ ఒకే కాలంలో పుట్టాయి. వాటర్‌లూ స్టేషన్ 1848లో తెరుచుకుంది. లండన్‌లో ఇప్పుడు కళావేదికగా ఉన్న రౌండ్‌హౌస్ 1847లో రైలింజన్లు తిప్పే షెడ్డుగా కట్టినది. ఆలిస్ పుస్తకం వచ్చింది 1865లో. 1871లో వచ్చిన దాని రెండో భాగంలో ఆలిస్ టికెట్ లేకుండా రైలెక్కి కూర్చుంటుంది కూడా. పిల్లలకోసం తోటలూ మాట్లాడే జంతువులూ ఊహించిన తరమే ఈ ఇటుక గోడలనూ ఇనుప దూలాలనూ లేపింది. ఆ గోడల వెనక పనిచేసిన వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. 1833లో బ్రిటన్ చేసిన ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో 9 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదని అంది. అంటే, అలా చట్టం చేసి ఆపాల్సినంతగా పెట్టుకునేవారన్నమాట. 9 నుంచి 13 ఏళ్లలోపు వాళ్లకు ఆ చట్టం కూడా వారానికి 48 గంటల పని ఒప్పుకుంది. 1863లో చార్లెస్ కింగ్‌స్లీ పొగగొట్టాలు తుడిచే కుర్రాణ్ణి కథానాయకుణ్ణి చేసి ‘వాటర్ బేబీస్’ రాశాడు. ఆ మరుసటి ఏడే ఆ పనిమీద ఆంక్షలతో కొత్త చట్టం వచ్చింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే గోడౌన్‌లో ఆలిస్‌ను చూసే తీరు మారిపోతుంది. కథ ఆ భవనంనుంచి పారిపోవడానికి రాసినది. దాన్ని మళ్లీ అదే భవనంలోకి తీసుకొస్తున్నాం. ఇటుక గోడలకు పచ్చగుడ్డలు చుట్టి, ప్లాస్టిక్ తీగలు వేలాడదీసి, అడవిలా చూపించాలనుకునే నాటకాలు ఈ గొప్ప అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటాయి. అంత ఖర్చు పెట్టినా అది అడవిలా కనిపించదు. గుడ్డ చివర కింద తడి సిమెంటు కనిపిస్తూనే ఉంటుంది, పైన పైపులు కనిపిస్తూనే ఉంటాయి. అదే పైపులోంచి గొంగళిపురుగు గొంతు వస్తే? సరుకుల లిఫ్టే కుందేలు రంధ్రమైతే? గంటలు, టైముకీపర్లు, ఆలస్యమైతే జీతం కోతలు ఉన్న చోట, ఆలస్యమైపోతోందని గుండెలు బాదుకునే కుందేలు పాత్రకు ఎవరూ రాయని కొత్త అర్థం దానంతటదే వస్తుంది. అక్కడ సెట్ డిజైనర్ చేయాల్సిన పని తగ్గుతుంది, చూడాల్సిన పని పెరుగుతుంది.

భవనాన్ని భవనంగానే వాడటం ఎంత బలమైనదో ‘రైల్వే చిల్డ్రన్’ చూపించింది. ఇది ప్రామినేడ్ కాదు, ప్రేక్షకులు కూర్చునే చూస్తారు, అయినా ఇక్కడ చెప్పుకోవాలి. ఇ. నెస్బిట్ 1906 నవలను మైక్ కెన్నీ నాటకంగా మార్చాడు. యార్క్ థియేటర్ రాయల్ దాన్ని 2008లో యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో ఆడింది. 2010లో అది వాటర్‌లూ స్టేషన్‌కు వచ్చింది. లండన్ నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్ రైళ్లు 2007లో సెయింట్ పాంక్రస్ స్టేషన్‌కు మారిపోవడంతో ఖాళీగా పడున్న ప్లాట్‌ఫారాలవి. పట్టాలకు రెండువైపులా జనం, మధ్యలో నటులు. కథలో రైలు రావాల్సిన చోట నిజమైన పాత ఇంజను వస్తుంది. అంత బరువైన వస్తువు తమ ముందుకు కదిలి వస్తుంటే పిల్లలు ఊహించుకోవాల్సింది ఏమీ మిగలదు, భయపడితే చాలు. 2011లో దానికి బ్రిటన్ నాటకరంగంలో పేరున్న ఆలివియర్ అవార్డు వచ్చింది.

ఇప్పుడు నడక సంగతి. బయటికి స్వేచ్ఛలా కనిపించే ఈ నాటకాల వెనక రైల్వే టైంటేబుల్ లాంటి లెక్క ఉంటుంది. నాటకం నిడివి గంటన్నర, 15 నిమిషాలకో గుంపు లోపలికి వస్తుంది అనుకుందాం. అప్పుడు ఏ క్షణంలో చూసినా భవనంలో ఆరు గుంపులు ఉంటాయి. ఒక్క గదిలో సీను 15 నిమిషాల బదులు 17 నిమిషాలు పట్టిందంటే ఆ రెండు నిమిషాలు అక్కడితో ఆగవు. ప్రతి గుంపుకూ రెండేసి చొప్పున పేరుకుని, పదకొండో గుంపు వచ్చేసరికి 20 నిమిషాల ఆలస్యం తలుపు బయట నిలబడి ఉంటుంది. అందుకే సీను రాసేటప్పుడే సాగదీయడానికో కుదించడానికో వీలైన చోట్లు పెట్టుకుంటారు. ఒక పాట ఇంకో చరణం పాడొచ్చు, ఒక పొడుపుకథ వదిలేయొచ్చు. ఒక్కో గదిలో ఉండే నటులు సాయంత్రం మొత్తంమీద అదే సీను చాలాసార్లు ఆడతారు. గుంపు వెళ్లిన వెంటనే ఒలికిన నీళ్లు తుడవాలి, కప్పులు సర్దాలి, పిల్లలు కనిపెట్టిన ఉత్తరాన్ని మళ్లీ పుస్తకం మధ్యలో దాచాలి. ఇదంతా తలుపు మళ్లీ తెరుచుకునేలోపు జరగాలి.

తలుపు అంటే గుర్తొచ్చింది, ఈ నాటకాల్లో అన్నిటికంటే కష్టమైన సీను తలుపు దగ్గరే జరుగుతుంది. 40 మంది గుంపు ఒక ఇరుకు తలుపు దాటాలంటే, చిన్నపిల్లలూ వాళ్ల చేతులు పట్టుకున్న పెద్దలూ ఉంటారు కాబట్టి, నిమిషం సులువుగా దాటుతుంది. మొదట అడుగుపెట్టినవాడు ఆ నిమిషం ఏం చూడాలి? సీను మొదలుపెట్టేస్తే చివర వచ్చినవాళ్లకు సగం పోతుంది. మొదలుపెట్టకపోతే ముందొచ్చిన పిల్లలు గోడలు గీకడం మొదలుపెడతారు. అనుభవం ఉన్న బృందాలు ఆ నిమిషాన్ని మాటల్లేని పనితో నింపుతాయి. గదిలో ఒక పాత్ర అప్పటికే ఏదో పనిలో ఉంటుంది. తెల్లగులాబీలకు ఎర్రరంగు వేస్తూనో, గడియారానికి కీ ఇస్తూనో, ఏవో తప్పుగా లెక్కపెడుతూనో. ఆఖరి మనిషి లోపలికి వచ్చి తలుపు మూసుకున్నాకే తల ఎత్తి మొదటి మాట మాట్లాడుతుంది. నటుడి నేర్పు చూడాలంటే ఆ నిమిషంలో చూడాలి.

జనాన్ని కదిలించడానికి మాటకంటే వెలుతురు బాగా పనిచేస్తుంది. ఉన్నచోట లైటు తగ్గి పక్క గదిలో వెలిగితే ఎవరూ చెప్పకుండానే కాళ్లు అటు తిరుగుతాయి. శబ్దం కూడా అంతే. ఎవరో పరుగెత్తిన చప్పుడు వినబడితే పిల్లలు ముందు పరుగెడతారు, పెద్దలు వాళ్ల వెనక. పాత్ర వేషంలోనే ఒకరు గుంపు తోక దగ్గర నడుస్తూ వెనకబడినవాళ్లను కలుపుకొస్తారు. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి వేగమే నాటకం వేగం.

ఇలా దగ్గరుండి నడిపించే పద్ధతికి పూర్తి వ్యతిరేకం, వదిలేసే పద్ధతి. పంచ్‌డ్రంక్ బృందం దానికే పేరు పడింది. న్యూయార్క్‌లోని చెల్సీలో పాత గోడౌన్లను హోటల్‌లా కనిపించేలా మార్చి 2011 నుంచి 2025 జనవరి వరకు ఆడిన ‘స్లీప్ నో మోర్’లో ప్రేక్షకులు తెల్ల ముసుగులు పెట్టుకుని ఎటు కావాలంటే అటు వెళ్లేవారు, ఎవరి వెంట కావాలంటే వాళ్ల వెంట పడేవారు. పెద్దలకు ఇది గొప్ప అనుభవం. పిల్లల విషయంలో ఇదే పద్ధతి దించితే పనిచేయదు. ముసుగు పెద్దవాణ్ణి సిగ్గునుంచి విడిపిస్తుంది, పిల్లవాడి పక్కనున్న అమ్మ ముఖాన్ని మాయం చేస్తుంది. పైగా స్వేచ్ఛగా తిరగడమంటే ఖాళీ గదిలో ఒంటరిగా నిలబడటం కూడా. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ ఖాళీ మిస్టరీగా అనిపించదు, దారి తప్పినట్టు అనిపిస్తుంది. అమెరికాలోని థర్డ్ రైల్ ప్రాజెక్ట్స్ బృందం 2012లో బ్రూక్లిన్‌లోని వాడకంలో లేని ఆసుపత్రి భవనంలో మొదలుపెట్టిన ‘దెన్ షీ ఫెల్’ కూడా ఆలిస్ రచయిత చుట్టూ అల్లినదే. షోకు 15 మందే ప్రేక్షకులు, వాళ్ల చేతికి తాళంచెవులు ఇచ్చేవారు. పిల్లల కథ పునాదిగా ఉన్నా అది పెద్దలకోసం చేసిన నాటకం.

వాల్ట్స్‌లో ఆలిస్ బృందం ఈ తేడాను సరిగ్గా అర్థం చేసుకుంది. చిన్నపిల్లలకోసం అదే చోట పగటిపూట వేరే నాటకం ఆడింది. పెద్దల నాటకాన్ని కోసి చిన్నది చేయడం కంటే ఇది ఎంతో నిజాయితీ ఉన్న దారి. పిల్లలకు కావాల్సింది పని. తాళంచెవి వెతకాలి, రహస్యం మోయాలి, రాణి దగ్గర అబద్ధం చెప్పాలి. పెద్దవాళ్లు చుట్టూ చూసి ఆశ్చర్యపోవడంతో తృప్తి పడతారు. పిల్లలు రెండో గదికల్లా, మరి నేనేం చేయాలి అన్నట్టు చూస్తారు. ఆ చూపుకు జవాబు లేని నాటకం ఎన్ని అంతస్తులున్నా ఖాళీదే.

ఎత్తు ఇంకో చిక్కు. మామూలు హాలులో నేల వాలుగా ఉండి వెనకవాళ్లకూ కనిపిస్తుంది. గోడౌన్ నేల చదును. మూడున్నర అడుగుల పిల్లవాడికి నాటకం అంటే ముందున్నవాళ్ల నడుములు. పిల్లలను ముందు కూర్చోబెట్టడం, నటులు బల్లలెక్కడం, సరుకులెత్తే ర్యాంపులను వేదికగా వాడుకోవడం మంచి ఉపాయాలు. పాత్రలే మోకాళ్లమీద కూర్చుని పిల్లల కళ్లలోకి చూసి మాట్లాడటం ఇంకా మంచిది.

ఇంతా చేసినా ఒకటి మాత్రం పోతుంది. ఆలిస్ కథ ప్రాణం మాటల్లో ఉంది, శ్లేషల్లో, పేరడీ పద్యాల్లో, తర్కాన్ని తలకిందులు చేసే సంభాషణల్లో. ఇటుకా సిమెంటూ మాటను మింగేస్తాయి. ఎత్తైన షెడ్డులో పలికిన వాక్యం ప్రతిధ్వనితో కలిసి చివరి అక్షరాలు పోగొట్టుకుంటుంది, పక్క గది పాట గోడ దాటి వస్తుంది. గట్టి సీన్లన్నీ ఒకే నిమిషంలో పడేలా సమయం కలపడం, గుడ్డలు వేలాడదీసి ప్రతిధ్వని తగ్గించడం లాంటివి చేస్తారు. లీడ్స్ నగరానికి చెందిన స్లంగ్ లో బృందం ప్రేక్షకుల చెవులకు హెడ్‌ఫోన్లే పెట్టేసింది. అయినా ఒడిలో పుస్తకం పెట్టుకుని చదివే గొంతులోని చిన్న విరామం, ఆ కొంటెతనం షెడ్డులో నిలవవు. అందుకే జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు సేకరించిన జానపద కథలు ఇలాంటి చోట్ల ఆలిస్ కంటే బాగా నిలబడతాయి. వాటిలో మాట తక్కువ, జరిగేది ఎక్కువ. ఫిలిప్ పుల్మన్ తిరగరాసిన గ్రిమ్ కథలను ఫిలిప్ విల్సన్ 2014లో మొదట షోర్‌డిచ్ టౌన్ హాల్ నేలమాళిగలో, తర్వాత థేమ్స్ ఒడ్డున ఆక్సో టవర్ వార్ఫ్‌లోని బార్జ్‌హౌస్ అనే పాత గోడౌన్‌లో ఇలాగే నడుస్తూ చూసే నాటకంగా ఆడించాడు. నటులే కథ చెబుతూ నటులే పాత్రలవుతారు. కథకుడి గొంతును కొంతైనా కాపాడుకునే మార్గం అది.

ఇక భవనం పెట్టే షరతులు. ఒక గదిలో ఎంతమంది పడతారన్నది గది వైశాల్యం ఒక్కటే తేల్చదు, బయటికి వెళ్లే దారుల వెడల్పు తేలుస్తుంది. పాత కట్టడాల్లో వాడిన, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్‌ను బ్రిటన్‌లో పూర్తిగా నిషేధించింది 1999లో. కాబట్టి అంతకుముందు కట్టిన ఏ షెడ్డునైనా ముందు పరీక్ష చేయించాలి. మేకు కొట్టే హక్కు కూడా ఆ తర్వాతే. చలి, తేమ, అరిగిన మెట్లు, పిల్లలకు సరిపడా టాయిలెట్లు లేకపోవడం మామూలే. వీల్‌చైర్‌లో వచ్చే పిల్లలను సరుకుల లిఫ్టులో వేరే దారిన తీసుకెళ్లి, సీనంతా అయ్యాక గుంపులో కలిపే బృందాలు ఇంకా ఉన్నాయి. నడకే కథ అయిన చోట ఇది చిన్న లోపం కాదు. అందరికీ ఒకే ర్యాంపు దారి పెట్టి కథను దానికి తగ్గట్టు రాసుకోవడం కుదిరే పనే.

ఈ భవనాలు నాటకానికి దొరికేదీ చాలాసార్లు కొద్దికాలానికే. పాత వాడకం అయిపోయి, కొత్త కట్టడం ఇంకా మొదలుకాని మధ్యకాలంలో యజమాని తక్కువకు ఇస్తాడు. ఖాళీ భవనానికి కాపలా ఉంటుంది, ఆ ప్రాంతానికి పేరూ వస్తుంది. 2013, 14లలో పంచ్‌డ్రంక్ ‘ది డ్రౌన్డ్ మ్యాన్’ ఆడిన ప్యాడింగ్టన్ పక్క పాత పోస్టల్ సార్టింగ్ ఆఫీసు ఇప్పుడు లేదు, దాని చోట ప్యాడింగ్టన్ స్క్వేర్ అనే కొత్త భవనం లేచింది. ‘రైల్వే చిల్డ్రన్’ యార్క్‌నుంచి వాటర్‌లూకు, 2011లో టొరంటోకు, 2014లో కింగ్స్ క్రాస్ దగ్గర దానికోసమే కట్టిన తాత్కాలిక థియేటర్‌కు వెళ్లగలిగింది. పట్టాలూ వాటి రెండువైపులా సీట్లూ ఎక్కడైనా వేసుకోవచ్చు. ఒక భవనం మెట్లూ తలుపులూ లిఫ్టూ లెక్కలోకి తీసుకుని రాసిన నడక నాటకానికి ఆ వీలు లేదు. కొత్త చోటికి వెళితే స్క్రిప్టు పక్కన పెట్టి, ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.